ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ కంప్యూటరు వేసే లెక్కలు

తిరుపతికీ తిరుమలకూ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అంత ఎత్తుకే గాలి 7, 8 శాతం పలచబడుతుంది. కారులో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి పట్టదు. చెవులు కాస్త మూసుకుపోయినట్టుంటాయి, కిటికీలోంచి చల్లగాలి తగులుతుంది, అంతే. ఇంజిన్‌కు మాత్రం అది లెక్కలోకి వచ్చే తేడానే. పెట్రోలు ఒక్కటే మండదు, దానికి సరిపడా గాలి కూడా ఉండాలి.

గాలిలో పెట్రోలు కలిపే పాతకాలపు పరికరం కార్బరేటర్. ఆ బండ్ల కాలంలో ఈ తేడాను పట్టుకునేవాడు లేడు. కార్బరేటర్‌లో ఉండేది ఒక చిన్న ఇత్తడి జెట్, దానికో సన్నని రంధ్రం. కింద తిరుపతిలో మెకానిక్ స్క్రూ తిప్పి సరిచేసిన బండి కొండ ఎక్కేకొద్దీ గాలి తగ్గేది కానీ, ఆ మేరకు పెట్రోలు తగ్గేది కాదు. కొత్త బండి అయితే మైలేజీ కాస్త పడిపోవడంతో సరిపోయేది. పాతదైతే నల్లపొగ వదులుతూ, పికప్ చచ్చిపోయి, వెనకున్న బస్సుతో హారన్ కొట్టించుకుంటూ ఎక్కేది.

ఇప్పటి బండ్లకు ఆ బాధ లేదంటే కారణం బానెట్ కిందో, డ్యాష్‌బోర్డు వెనకో దాగి ఉన్న ఒక అల్యూమినియం డబ్బా. కంపెనీవాళ్లు దాన్ని ఈసీయూ (ఇంజిన్ కంట్రోల్ యూనిట్) అనో ఈసీఎం అనో అంటారు. షెడ్లలో ఎక్కువగా వినిపించేది ‘కంప్యూటరు’. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో డి-జెట్రానిక్ పేరుతో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, అంటే పెట్రోలును లెక్క ప్రకారం చిమ్మే పద్ధతి తెచ్చింది. మన రోడ్ల మీద ఇది సామాన్యుల కార్లలోకి వచ్చింది 2000 ప్రాంతంలో. అప్పట్లో కారు వెనక ‘ఎంపీఎఫ్ఐ’ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) అనే అక్షరాలు ఉండటం ఒక గొప్ప. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 నియమాలు దేశమంతటా అమలయ్యాక మామూలు బైకుల్లో కూడా చాలావాటికి కార్బరేటర్ పోయి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వచ్చింది. చోక్ లాగి కిక్ కొట్టే అలవాటు కూడా దాంతోపాటే పోయింది.

ఈ డబ్బా గురించి ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. దానికి ఏదీ కనబడదు. కొండ కనబడదు, మలుపు కనబడదు, బండిలో ఎంతమంది ఎక్కారో తెలియదు. దానికి చేరేవి చాలావరకు సున్నా నుంచి 5 వోల్టుల మధ్య కదిలే కొన్ని సంకేతాలు మాత్రమే. పెద్ద అన్నదానంలో ఉగ్రాణం చూసే మనిషిని తలుచుకుంటే పోలిక కుదురుతుంది. ఆయన పంక్తి దగ్గరికి రాడు. ఎంతమంది కూర్చున్నారో ఎవరో వచ్చి చెబితే దాన్నిబట్టి బియ్యం కొలిచి ఇస్తాడు. ఆకుల్లో ఎంత మిగిలిందో మళ్లీ ఎవరో వచ్చి చెబితే తర్వాతి పంక్తికి కొలత సవరించుకుంటాడు. చెప్పేవాళ్లు సరిగ్గా చెప్పినంతకాలం ఆయన లెక్క తప్పదు. వాళ్లు తప్పు చెబితే ఎంత సమర్థుడైనా అన్నం మిగలడమో చాలకపోవడమో ఖాయం.

గాలిని తూచడం

కొలవాల్సిన వాటిలో మొదటిది గాలి. పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇక్కడ కావాల్సింది బరువు, పరిమాణం కాదు. అలిపిరి దగ్గర ఒక లీటరు గాలిలో ఉండే బరువు తిరుమలలో ఒక లీటరు గాలిలో ఉండదు. రేణిగుంట రోడ్డులో మే నెల మధ్యాహ్నం ఎండకు కాలిపోతున్న గాలి బరువు వేరు, తెల్లవారుజామున సుప్రభాతం వేళ కొండ మీద వీచే గాలి బరువు వేరు.

చాలా చిన్న కార్లలో ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో ఒత్తిడి కొలిచే సెన్సార్ ఒకటి, ఆ గాలి వేడిని కొలిచే సెన్సార్ ఒకటి ఉంటాయి. ఒత్తిడి, వేడి, ఇంజిన్ తిరిగే వేగం తెలిస్తే ఒక్కో సిలిండర్‌లోకి ఎంత బరువు గాలి వెళ్లిందో లెక్క కట్టవచ్చు. కొన్ని కార్లలో గాలి ప్రవాహాన్నే నేరుగా కొలిచే సెన్సార్ ఉంటుంది. పద్ధతి ఏదైనా జరిగేది ఒకటే: కొండ ఎక్కేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, సెన్సార్ ఆ మాట చేరవేస్తుంది, డబ్బా ఆ మేరకు పెట్రోలు కోస్తుంది. కొండ అన్న మాటే తెలియకుండా కొండకు తగ్గట్టు సర్దుకోవడం ఇలాగే.

పెట్రోలు కొలత అంటే ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయమే. బండి నిలబడి ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు అది 2, 3 మిల్లీసెకన్లు. ఘాట్‌లో ఎక్సలేటర్ బాగా తొక్కితే దానికి నాలుగైదు రెట్లు కూడా కావచ్చు. ఏ వేగానికి, ఎంత గాలికి ఎంత సేపు తెరవాలో తయారీదారులు ముందే రకరకాల పరీక్షలు చేసి పట్టికలుగా రాసి ఆ డబ్బాలో పెడతారు. పట్టికలో రెండు గడుల మధ్య విలువ కావాలంటే వాటి మధ్య సరాసరి తీసుకుంటుంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఎక్కాల పుస్తకం చూసి లెక్క చెప్పడం లాంటిదే, కాకపోతే సెకనుకు కొన్ని వందల సార్లు చూస్తుంది.

ఒక చిన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. బ్యాటరీ బలహీనంగా ఉంటే ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఎంతో కూడా పట్టికలో ఉంటుంది, డబ్బా దాన్ని కలిపి సమయం పెంచుతుంది. కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారం పెట్టుకున్న ఊళ్లో కూడా ‘బ్యాటరీకీ మైలేజీకీ సంబంధమేమిటి’ అనేవాళ్లు తక్కువేమీ కాదు.

ఆకుల్లో మిగిలింది చూసేవాడు

పట్టిక ఎంత బాగా రాసినా బండ్లన్నీ ఒకేలా ఉండవు. ఒకరి ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పట్టి ఉంటుంది, ఒకరి ఇంజెక్టర్ కొద్దిగా మూసుకుపోయి ఉంటుంది. అందుకే వేసిన లెక్క సరిపోయిందా లేదా అని చూడటానికి సైలెన్సర్ గొట్టం మొదట్లో ఆక్సిజన్ సెన్సార్ పెడతారు. మండగా మిగిలిన పొగలో ఆక్సిజన్ ఎక్కువుంటే పెట్రోలు చాలలేదని అర్థం, లేకపోతే పెట్రోలు ఎక్కువైందని అర్థం. మామూలు రకం సెన్సార్ పెట్రోలు తక్కువైతే 0.1 వోల్టు దగ్గర, ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గర ఉంటుంది. డబ్బా దీన్ని చూస్తూ కాస్త పోస్తుంది, కాస్త తగ్గిస్తుంది, మళ్లీ పోస్తుంది. సరైన కొలత మీద నిలబడిపోవడం దాని పని కాదు. ఆ గీతకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు కూడా ఆ ఊగిసలాటే కావాలి.

ఈ సెన్సార్ 300 డిగ్రీలకు పైగా వేడెక్కితే తప్ప సరిగ్గా పలకదు. అందుకే లోపల చిన్న హీటరు కూడా ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి నిమిషం డబ్బా దాదాపు పట్టికను నమ్ముకునే నడుపుతుంది.

ఇంకో ముఖ్యమైన పని జ్ఞాపకం. ‘ఈ బండికి ఎప్పుడూ 4 శాతం ఎక్కువ పోయాల్సి వస్తోంది’ అని కొన్ని రోజులు గమనించాక ఆ 4 శాతాన్ని రాసిపెట్టుకుంటుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పంపుల్లోకి వచ్చాక ఈ జ్ఞాపకం అక్కరకొచ్చింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే కలిసి ఉంటుంది కాబట్టి ఆ మిశ్రమానికి 14.7 బదులు సుమారు 13.5 గ్రాముల గాలి చాలు. అంటే అంతే గాలికి ఎక్కువ పెట్రోలు పోయాలి. ఇంజెక్షన్ బండి దాన్ని చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. రబ్బరు గొట్టాలు, వాషర్లు తట్టుకుంటాయా అన్నది వేరే ప్రశ్న, ఆ జవాబు ఏ కంప్యూటరు దగ్గరా ఉండదు. మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదుకు కూడా అది బాధ్యురాలు కాదు. ఇథనాల్‌లో శక్తే తక్కువ.

నిప్పు ఎప్పుడు పెట్టాలి

పెట్రోలు కొలత సరిపోయినంత మాత్రాన ఇంజిన్ లాగదు. స్పార్క్ సరైన క్షణంలో పడాలి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో ఒక్క డిగ్రీ అంటే సెకనును 18 వేల ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్క. మిశ్రమం అంటుకుని ఒత్తిడి పెరగడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే నిప్పు పెట్టాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుగా పెట్టాలి.

పిస్టన్ ఎక్కడుందో తెలియడానికి పిస్టన్లు తిప్పే ఇరుసుకు, అంటే క్రాంక్ షాఫ్టుకు, పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. ఎక్కువ కార్లలో 60 పళ్లకు చోటుంటుంది, అందులో రెండు కావాలనే తీసేస్తారు. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ‘ఇదీ మొదలు’ అని డబ్బాకు గుర్తు. ఆ పళ్లను లెక్కబెట్టే ఈ ఒక్క క్రాంక్ సెన్సార్ మాట ఆగిపోతే చాలా బండ్లలో ఇంజిన్ కూడా అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఘాట్‌లో అసలు పరీక్ష ఎప్పుడంటే, కారులో అయిదుగురు, డిక్కీ నిండా సామాన్లు, ఏసీ ఆన్, డ్రైవరు గేరు తగ్గించడానికి బద్ధకించి మూడో గేరులోనే ఎక్సలేటర్ తొక్కుతున్నప్పుడు. ఇంజిన్ నిదానంగా తిరుగుతూ భారం మోస్తుంటే పెట్రోలు మంట చేరకముందే తనంతట తాను పేలుతుంది. గోళీలు గలగలలాడినట్టు ఆ చప్పుడు వస్తుంది. పాత బండ్లలో దాన్ని డ్రైవరు చెవితో పట్టాలి. ఇప్పుడు ఇంజిన్ దిమ్మెకు బిగించిన నాక్ సెన్సార్ పడుతుంది. వెంటనే డబ్బా స్పార్క్‌ను రెండు మూడు డిగ్రీలు వెనక్కి జరిపి, ప్రమాదం లేదనుకున్నాక మెల్లమెల్లగా మళ్లీ ముందుకు తెస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, కానీ బలం తగ్గుతుంది. డ్రైవరుకు తెలిసేది ‘బండి లాగట్లేదు’ అన్నదొక్కటే, దాంతో ఇంకా తొక్కుతాడు. మాన్యువల్ కారులో గేరు మార్చే చెయ్యి కంప్యూటరుకు లేదు. రెండో గేరుకు దించితే మందు దొరికినట్టే.

చిన్న కార్లలో ఇంకో తంతు. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే డబ్బా ఏసీ కంప్రెసర్‌ను కాసేపు ఆపి ఆ బలాన్ని కూడా చక్రాలకిస్తుంది. మలుపులో ఏసీ గాలి వేడెక్కిందని గ్యాస్ నింపించుకోవడానికి పరుగెత్తనక్కర్లేదు.

దిగేటప్పుడు న్యూట్రల్

1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి, 1944 నాటి పాత రోడ్డు దిగడానికి వాడుతున్నారు. దిగే దారిలో ఒక పాత నమ్మకం ఇంకా చావలేదు: న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని. కార్బరేటర్ బండికి అది కొంతవరకు నిజమే. ఇంజెక్షన్ బండిలో లెక్క తిరగబడింది.

గేరులో ఉండి ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీస్తే, ఇంజిన్ వేగం తగినంత ఉంటే, డబ్బా ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. ఇంజిన్‌ను తిప్పుతున్నవి చక్రాలే కాబట్టి పెట్రోలుతో పనిలేదు. ఖర్చు అక్షరాలా సున్నా. వేగం ఐడిలింగ్ దగ్గరికి పడిపోతున్నప్పుడు మళ్లీ కొద్దిగా పోసి ఆగిపోకుండా చూస్తుంది. అప్పటికప్పటి మైలేజీ చూపించే కార్లలో ఈ సమయంలో అంకె పైకెగిరి కూర్చోవడం గమనించవచ్చు. అదే న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్‌కు చక్రాల సాయం తెగిపోతుంది. తన కాళ్ల మీద తాను నిలబడాలంటే పెట్రోలు తాగాల్సిందే. చిన్న పెట్రోలు కారు ఊరికే ఆన్‌లో ఉంటే గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది. ఆదా అనుకున్నది ఖర్చయింది. పైగా ఇంజిన్ పట్టు లేక భారమంతా బ్రేకుల మీద పడుతుంది. మలుపు మలుపుకీ తొక్కిన బ్రేకులు వేడెక్కి పట్టు వదలడం మొదలయ్యేది ఇలాంటప్పుడే.

ఇంజిన్ ఆపేసి దిగేవాళ్ల సంగతి ఇంకా దారుణం. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఆపేసిన డబ్బా ఎవరినీ కాపాడలేదు.

2022లో ఈ ఘాట్ మీదికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. వాటికి ఇంజెక్టరూ లేదు, స్పార్కూ లేదు. అయినా దిగేటప్పుడు వాటి కంట్రోల్ యూనిట్‌కు కూడా ఇదే పని పడుతుంది. మోటారునే జనరేటరుగా తిప్పి బ్రేకు పని చేయిస్తూ బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది. డీజిల్ బస్సు అదే చోట వేడిగా గాలిలో కలిపేసే శక్తిని ఇది కొంతైనా వెనక్కి తెచ్చుకుంటుంది. బ్యాటరీ అప్పటికే నిండుగా ఉంటే మాత్రం అంత కరెంటు తీసుకోదు.

మొగిలి ఘాట్ లారీలు

పలమనేరు వైపు నుంచి చిత్తూరుకు మొగిలి ఘాట్‌లో దిగే టమోటా లారీల్లో ఉన్నది డీజిల్ కంప్యూటరు. దాని చింత వేరు. స్పార్క్ ఉండదు కాబట్టి డీజిల్ పిచికారీ చేసే క్షణమే మంట మొదలయ్యే క్షణం. ఇంజెక్టర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే కామన్ రైలు గొట్టంలో డీజిల్‌ను 1600, 2000 బార్ ఒత్తిడిలో ఉంచుతారు. కారు టైరులో ఉండే గాలి 2 బార్లకు కాస్త ఎక్కువ. అంటే ఇది దానికి వెయ్యి రెట్లకు దగ్గర. ఒక్కో మంటకు డీజిల్‌ను ఒకేసారి కాకుండా ముందు ఒక చుక్క, తర్వాత అసలు మోతాదు, ఒక్కోసారి ఆ తర్వాత ఇంకో చుక్క చొప్పున వదులుతుంది. పాత లారీల టకటక చప్పుడు కొత్తవాటిలో తగ్గడానికి ఆ మొదటి చుక్కే కారణం.

బీఎస్-6 వచ్చాక పొగ శుభ్రం చేసే పని కూడా ఈ డబ్బా నెత్తినే పడింది. లారీలో విడిగా ఒక ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ అంటే 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీళ్లు. ఎంత చిమ్మాలో డబ్బా చెబుతుంది, ట్యాంకు ఖాళీ అయితే బలం కోసేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి ‘అంతా బాగానే ఉంది’ అని అబద్ధపు సంకేతం పంపే పరికరాలు బిగించుకునేవాళ్లున్నారు. కబురు తెచ్చేవాడికి లంచమిచ్చి ఉగ్రాణం మనిషికి చెప్పించిన దొంగ కబురులాంటిది అది. చట్టవిరుద్ధమన్నది అలా ఉంచినా, నిజంగా ఏదైనా పాడైనప్పుడు కూడా ‘అంతా బాగానే ఉంది’ అనే చెబుతుంది.

డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అందులో మసి పేరుకుంటే డబ్బా సుమారు 600 డిగ్రీల వేడి పుట్టించి కాల్చేస్తుంది. అందుకు కొంతసేపు ఆగకుండా నడిచే రోడ్డు కావాలి. రోజూ రైల్వే స్టేషన్‌కూ అలిపిరికీ మధ్యే తిరిగే కారుకు ఆ అవకాశం దొరకదు. నెలకోసారైనా చెన్నై రోడ్డో బెంగళూరు రోడ్డో చూపిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది.

చెక్ లైటు

ఇక అందరినీ భయపెట్టే పసుపు లైటు. అది వెలగగానే ‘ఈసీఎం పోయింది’ అనడం షెడ్లలో సులభమైన మాట, బండి యజమానికి అన్నిటికంటే ఖరీదైన మాట. నిజానికి ఆ డబ్బా అంత తరచుగా పోదు. పోయేవి దానికి కబుర్లు మోసే సెన్సార్లు, వాటి వైర్లు, నీళ్లు చేరి పచ్చటి చిలుము పట్టిన కనెక్టర్లు, ఎలుకలు కొరికిన చోట్లు.

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వేడిని కొలిచే సెన్సార్ సంగతే చూడండి. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. వైరు తెగిపోతే నిరోధం అనంతం, అంటే లెక్క ప్రకారం విపరీతమైన చలి. మే నెల తిరుపతిలో మైనస్ 40 డిగ్రీలు! నమ్మేస్తే ఇంజిన్‌కు పెట్రోలు విపరీతంగా పోసి ముంచేయాలి. అలాంటి కబురును నమ్మకూడదని డబ్బాకు ముందే నేర్పుతారు. ఒక ఊహించిన విలువ పెట్టుకుని, జాగ్రత్త కోసం రేడియేటర్ ఫ్యాన్ ఆపకుండా తిప్పుతూ, లైటు వెలిగిస్తుంది. ఎక్సలేటర్ పెడల్‌కు రెండు సెన్సార్లు పెట్టేదీ ఇందుకే. రెండూ ఒకే మాట చెప్పాలి, పొంతన కుదరకపోతే బండిని నిదానంగా మాత్రమే నడవనిస్తుంది. డ్రైవరుకు కోపం వస్తుంది కానీ, తొక్కకుండానే దూసుకుపోవడం కంటే అది మేలు.

స్కానర్ పెడితే వచ్చే కోడ్‌ను కూడా అర్థం చేసుకోవాలి. పి0171 అంటే పెట్రోలు చాలడం లేదని. ఆక్సిజన్ సెన్సార్ చెడిందని దానర్థం కాదు. సెన్సార్ నిజమే చెబుతూ ఉండవచ్చు: ఎక్కడో గొట్టం పగిలి దొంగగాలి వస్తోంది, లేదా పెట్రోలు పంపు నీరసించింది. కబురు తెచ్చినవాణ్ణి మార్చేస్తే కొత్తవాడూ అదే కబురు తెస్తాడు. లైటు ఆగి ఆగి మిణుకుమంటుంటే మాత్రం ఆలస్యం పనికిరాదు. ఇంజిన్ మిస్ కొడుతోంది, మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి కాలుతోందని అర్థం. అలాంటప్పుడు ఘాట్ ఎక్కకపోవడమే మంచిది.

వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే బండి ఎవరికైనా తారసపడితే, కంప్యూటరును అనుమానించే ముందు క్రాంక్ సెన్సార్‌ను చూడటం తెలివైన పని. వేడికి అందులోని సన్నని తీగ చుట్టలో ఎక్కడో సంబంధం తెగుతుంది, చల్లారితే కలుస్తుంది.

లైటు ఆపడానికి బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టే వైద్యం కూడా ప్రచారంలో ఉంది. లైటు ఆరుతుంది నిజమే. చాలా బండ్లలో దాంతోపాటు ఆ డబ్బా నేర్చుకున్న సవరణలు, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థొరెటల్ ఎక్కడ మూసుకుంటుందన్న గుర్తు కూడా చెరిగిపోతాయి. కొన్నాళ్లు ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. అసలు జబ్బు నయం కాలేదు కాబట్టి లైటు మళ్లీ వెలుగుతుంది.

తాళం తిప్పి ఇంజిన్ ఆపిన తర్వాత కూడా డబ్బా వెంటనే పడుకోదు. కింద పార్కింగులో బండి ఆపి తలుపు వేస్తుండగా బానెట్ కింద ఒక చిన్న ‘టక్’ వినిపిస్తుంది. అది డబ్బాకు కరెంటు ఇచ్చే స్విచ్, అంటే మెయిన్ రిలే, ఆఫ్ అయిన చప్పుడు. ఆ కొన్ని సెకన్లలో అది థొరెటల్‌ను ఒకసారి కదిపి చూసుకుని, ఈ ప్రయాణంలో దిద్దుకున్న అంకెలను రాసిపెట్టుకుంటుంది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేసినప్పుడు, ఆక్సిజన్ సెన్సార్ వేడెక్కేదాకా, బండి నడిచేది ఆ అంకెలతోనే.